గాంధారం వంపు ఖరీదు

మా మేనత్త పళ్ళు కట్టించుకోవడానికి విజయనగరం వచ్చింది. ఆవిడ ఉండేది శృంగవరపుకోట దగ్గర మా సొంతూళ్ళో. పై పళ్ళు ఎప్పుడో ఊడిపోయాయి, కింద మిగిలినవి కదులుతున్నాయి. వాటిని కూడా తీసేసి, చిగుళ్ళు మానాక కొలతలు తీసుకుని కట్టుడు పళ్ళు పెడతానన్నాడు డాక్టరు. అదంతా అయ్యేసరికి వానాకాలం దాటిపోయేలా ఉంది. అందుకని మా ఇంట్లోనే ఉండిపోయింది. నా భార్య స్కూలు టీచరు. పిల్లలు కాలేజీకి పోతారు. ఒక్కతే ఇంట్లో ఏం కూర్చుంటుందని రోజూ పొద్దున్నే నా స్కూటర్ వెనక ఎక్కించుకుని స్టూడియోకి తీసుకెళ్ళేవాణ్ణి.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక మేడ మీద రెండు గదులు, లోపలి గది గోడల నిండా అతికించిన స్పాంజి. ఆటో మైకు ప్రకటనలు, జాతర పాటలు, పెళ్ళి వీడియోల సంగీతం, ఎన్నికలొస్తే పార్టీల పాటలు. ఇదే నా బతుకుతెరువు. దీనంతటికీ ఆధారం నా కంప్యూటర్లో ఉన్న ఒక విదేశీ సాఫ్ట్‌వేరు. వయొలిన్ నుంచి డప్పు దాకా అన్ని వాయిద్యాల శబ్దాలూ అందులో ఉంటాయి. కీబోర్డు మీద నొక్కితే పలుకుతాయి. ఏటేటా చందా కట్టి వాడతాను. కట్టేటప్పుడల్లా కడుపు మండుతుంది కానీ అది లేకపోతే నాకు పనే లేదు.

మాది గుడి మేళం వాళ్ళ కుటుంబం. తాత, ఆయన తరవాత నాన్న ఊరి గుడిలో సన్నాయి వాయించారు. నాన్నతో ఆ వరస ఆగిపోయింది. అన్నయ్య విశాఖపట్నంలో ఫ్యాక్టరీ ఉద్యోగానికి పోయాడు, నేను ఈ స్పాంజి గదిలోకి వచ్చాను. అత్త నాన్నకి చెల్లెలు. ఆవిడకీ సన్నాయి వచ్చునని ఇంట్లో అందరికీ తెలుసు. "మీ అత్త కూడా సరదాకి వాయించేది" అని నాన్న ఎప్పుడైనా అనేవాడు. నేను మాత్రం ఎప్పుడూ వినలేదు. ఇక పళ్ళన్నీ పోయాక ఎవరికైనా సన్నాయి పలకదు. పెదాలకి బలం ఆ పళ్ళే కదా.

ఒకరోజు ఒక పెళ్ళి వీడియోకి తాళి కట్టే చోట సన్నాయి ముక్క పెడుతున్నాను. అత్త వెనక కుర్చీలో కూర్చుని అరటిపండు గిన్నెలో మెదుపుకుని తింటోంది.

"ఒరే అల్లుడా, అదేట్రా?" అంది.

"సన్నాయి అత్తా."

"సన్నాయేటి? కర్ర పాతినట్టున్నాది. స్వరం కదలదేటి?"

నాకు నవ్వొచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కోమని తెర చూపించాను. నొక్కిన స్వరం తెర మీద అడ్డగీతలా కనిపిస్తుంది. పక్కన పెన్సిలు బొమ్మ ఉంటుంది. ఆ పెన్సిలుతో గీతని ఎలా వంచితే శబ్దం అలా వంగుతుంది. పైకి లాగితే పైకి, ఊపితే ఊగుతుంది. నేను దాన్ని పెద్దగా వాడను. ఒక్కో స్వరాన్నీ చేత్తో వంచుతూ కూర్చుంటే రోజుకి ఒక నిమిషం సంగీతం కూడా తయారవదు. పెళ్ళివాళ్ళు అడగరు కూడా.

అత్త గిన్నె కింద పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, "అది నాకియ్యి" అని మౌసు తీసుకుంది.

మొదటిసారి గీసిన గీత కొండల వరసలా వచ్చింది. వినిపిస్తే పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. బోసి నోటితో పగలబడి నవ్వింది. మళ్ళీ గీసింది. ఆ రోజు నా పని అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు మూల పడి ఉన్న నా పాత ల్యాప్‌టాప్ దులిపి, అందులో అదే సాఫ్ట్‌వేరు పెద్ద ఎడిషన్ వేశాను. దాన్ని నెల రోజుల పాటు డబ్బు కట్టకుండా వాడి చూడనిస్తారు. లోపలి గదిలో ఒక బల్ల మీద పెట్టి, హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించి, నా పని నేను చూసుకున్నాను. ముసలావిడకి పొద్దుపోతుందిలే అనుకున్నాను.

ఆవిడ పని చేసే తీరు చూడ్డం నాకు అలవాటైపోయింది. కళ్ళు మూసుకునేది. సన్నాయి నోట్లో ఉన్నట్టు పెదాలు బిగించేది. బుగ్గల్లోకి గాలి నింపి వదిలేది. తొడ మీద వేళ్ళు రంధ్రాలు మూస్తూ తెరుస్తూ కదిలేవి. రాగంలోని ఒక చిన్న సంగతి అలా మనసులో పూర్తిగా వాయించుకుని, అప్పుడు కళ్ళు తెరిచి, దాన్ని గీతగా గీసేది. వినేది. తల అడ్డంగా ఊపేది. చెరిపేది. పకోడీలు తెప్పించినా చల్లారిపోయేవి. ఎలాగూ నమల్లేదు కాబట్టి వాటి సంగతి ఆవిడకి పట్టలేదు.

ఒక మధ్యాహ్నం నా భుజం తట్టింది. "రా. విను" అంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. తోడి రాగం. ముందు షడ్జం నిలబడింది. దాని అడుగున గాలి సన్నగా వణికింది. తరవాత గాంధారం దగ్గరికి వచ్చింది. తోడి గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు, ఊయల. కిందికి జారి, పైకి లేచి, మళ్ళీ జారుతూనే తన చోటు చెబుతుంది. కీబోర్డు మీద దాన్ని పలికించడం నా వల్ల ఎన్నడూ కాలేదు. ఇక్కడ అది ఊగుతోంది. ప్రతి ఊపూ ఒకేలా లేదు. మొదటిది బద్ధకంగా, రెండోది కాస్త తొందరగా, మూడోది మధ్యలో ఊపిరి తీసుకుంటున్నట్టు ఆగి. చెయ్యి చూసుకుంటే వెంట్రుకలు లేచి ఉన్నాయి. చివర స్వరాన్ని వదిలేటప్పుడు ఒక చిన్న విరుపు ఉంది. గట్టిగా పట్టుకున్న చెయ్యిని ఇష్టం లేకుండా వదిలినట్టు. ఆ విరుపు నాకు తెలుసు. అది విని విని పెరిగాను.

"అత్తా, ఇది నాన్న పట్టు కదా!"

"మీ నాన్నదేటి? మా ఇద్దరిదీని" అంది. "మీ తాత ఇద్దర్నీ ఎదురెదురుగా కూసోబెట్టి సెప్పినాడు. నాను పెద్దమనిషినయ్యేదాకా ఇద్దరం ఒక్కలాగే వాయించినాం. తరవాత నా సన్నాయి అటక మీద పెట్టీసినాడు."

"మళ్ళీ వాయించలేదా?"

"ఎందుకు వాయించలేదు? పెళ్ళయ్యాక అటక దించి తెచ్చీసుకున్నాను. మీ మావయ్య పొలానికెల్తే తలుపులేసీసుకుని వాయించుకునేదాన్ని. బయటికి వినపడకుండా సన్నాయి సివర గరాటాలో గుడ్డలు కుక్కి. పళ్ళున్నన్నాళ్ళూ వాయించినాను."

ఏ బాధా లేకుండా, వంట సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఎన్నో ఏళ్ళు ఒక మనిషి ఊపిరిలోనే ఉండిపోయిన తోడి, గాలి అక్కర్లేకుండా, పళ్ళు అక్కర్లేకుండా, చూపుడువేలి కొన నుంచి బయటికి వచ్చింది. ఆ పూట నేనింక ఏ పనీ చెయ్యలేకపోయాను.

నెల గడిచింది. ఒకరోజు ల్యాప్‌టాప్ తెరవగానే గడువు అయిపోయిందని, ఎడిషన్ ఎంచుకోమని అడిగింది. రెండు ఉన్నాయి. అభిరుచి కోసం వాడేవాళ్ళకి ఒకటి, వృత్తిగా వాడేవాళ్ళకి ఒకటి. మొదటిదాని ధర ఒక మంచి పట్టుచీర ఖరీదు. రెండోదాని ధర ఒక పాడిగేదె ఖరీదు. ఇప్పుడు నాలా ఏటేటా చందా కట్టక్కర్లేకుండా కూడా అమ్ముతున్నారు, ఒకసారి కొంటే మనదే. నా దాన్ని ఆవిడకి ఇద్దామంటే లైసెన్సు ఒక్క కంప్యూటరుకే. పైగా పళ్ళు పెట్టించుకున్నాక ఆవిడ ఊరెళ్ళిపోతుంది.

"సరదాకే కదా, సిన్నదే కొను" అంది అత్త.

కొన్నాను. ఆవిడ గీసిన ఫైలు అందులో తెరిచాను. తెర మీద చూడగానే నాకు విషయం అర్థమైంది. వంపులన్నీ పోయాయి. స్వరాలు మెట్లలా, తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి. ఆ పెన్సిలు బొమ్మ ఈ ఎడిషన్లో లేనే లేదు. అత్త వినిపించమంది. వినిపించాను. స్వరాలన్నీ అవే. రాగం లేదు.

"ఓలమ్మో! ఉంగరాల జుట్టుకి నూనె రాసి నున్నగా దువ్వీసినాడు" అని నవ్వింది. కానీ ఆ పూట మళ్ళీ ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు.

కంపెనీవాళ్ళతో ఆన్‌లైన్‌లో మాట్లాడాను. అవతల ఉన్నవాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. అభిరుచి కోసం వాడేవాళ్ళలో చాలామంది ఆ పెన్సిలు జోలికి పోరట, సంపాదించుకునేవాళ్ళకే అది అవసరం పడుతుందట. విద్యార్థులకైతే సగం ధరేనట. అత్త పక్కనే కూర్చుని ఉంది. ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను.

"సదువుతన్నానని సెప్తే నమ్ముతారేటి ఈ వయసులో?" అంది. "అయితే సరదా అంటే ఏటి, వృత్తి అంటే ఏటి వాళ్ళ లెక్కలో?" అని అడిగింది.

"డబ్బు పుచ్చుకుంటే వృత్తి అత్తా. పుచ్చుకోకపోతే సరదా."

"అంతేనేటి?"

"అంతే."

"మీ నాన్నకి గుడోలు ఇచ్చేవారు. నాకు ఎవలిస్తారు? అయితే నాను బతుకంతా సరదా మనిషినే" అంది.

నాకు కంపెనీ మీద కోపం రావాలి. పూర్తిగా రాలేదు. నేను చేసేదీ అదే. కాలేజీ పిల్లలు షార్ట్ ఫిల్ముకి సంగీతం చెయ్యమంటే టీ ఖర్చులకి చేసిపెడతాను. పార్టీవాళ్ళ పాటకి గట్టిగా తీసుకుంటాను. చిన్న ఎడిషన్ చవగ్గా లేకపోతే నాలాంటివాడు ఈ పనిలోకే వచ్చి ఉండడు. వాళ్ళ ఆలోచనలో తప్పు వెతకడం కష్టం. కాకపోతే ఆ ఆలోచన చేసినవాళ్ళు మా అత్తని చూసి ఉండరు. సరదాకి వాయించే మనిషికి స్వరం తిన్నగా ఉంటే చాలునని, వంపు కావలసింది కూలి పుచ్చుకునేవాడికేనని వాళ్ళు అనుకున్నారు. మా ఇంట్లో అలా జరగలేదు.

కింద కంప్యూటర్లు బాగుచేసే షాపతను ఈ గొడవంతా విని, పెద్ద ఎడిషన్ దొంగ కాపీ పైసా ఖర్చు లేకుండా వేసిపెడతానన్నాడు. బజారులో సగంమంది వాడేది అదే అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్త అంది.

"వొద్దు నాయినా. బతుకంతా తలుపులేసీసుకుని దొంగలా వాయించినాను. ఇప్పుడు కూడా దొంగలాగేనా?"

పెద్దది నేను కొనిపెడతానన్నాను. అదీ వద్దంది. "నీ పిల్లల సదువులు సూసుకో" అని ఊరుకుంది. పళ్ళు తయారయ్యాయి. పెట్టుకుని అద్దంలో చూసుకుని, ఎవరిదో మొహంలా ఉందంది. ఊరెళ్ళడానికి బట్టలు సర్దుకుంది.

అదే వారంలో మా ఊరి గుడి కమిటీ ప్రెసిడెంటు స్టూడియోకి వచ్చాడు. వరి, చెరకు పండించే రైతు, ఊరి వరసలో అక్క అవుతుందని అత్తని అప్పా అని పిలుస్తాడు. కార్తీక మాసం పూజల గురించి మైకు ప్రకటన రికార్డు చెయ్యాలి. ఆయన గొంతు సరిచూస్తూ పాత ఫైళ్ళు వెతుకుతుంటే, అత్త తోడిని నా కంప్యూటర్లో దాచుకున్న కాపీ పొరపాటున మోగింది. నా కంప్యూటర్లో వంపులన్నీ ఉన్నాయి కదా. ఆపబోయాను.

"ఉండు ఉండు. ఆపకు" అన్నాడు. అయ్యేదాకా నిలబడే విన్నాడు. "మీ నాన్న పాత రికార్డా?"

"కాదు. అత్తది."

"అప్ప వాయించినాదా? ఎప్పుడు?"

"వాయించలేదు, గీసింది."

ఆయనకి అర్థం కాలేదు. అత్త వెనక కుర్చీలోంచి లేచి వచ్చి, మౌసు తీసుకుని, గాంధారం పెద్దది చేసి చూపించింది. ఊగుతూ పోతున్న గీతని వేలితో చూపిస్తూ, "ఇదిగో, ఇక్కడ గాలి తగ్గిస్తాం. ఇదిగో, ఇక్కడ పెదం బిగిస్తాం" అని చెప్పింది. ఆయన తలపాగా తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. గుళ్ళోకి వెళ్ళేటప్పుడు తీసినట్టు.

"అప్పా, మీ అన్నయ్య పోయిన కాడ్నుంచి పొద్దున్న సేవకి ఫోన్లో ఏదో పెట్టీసి మైకు తగిలిస్తన్నాం. మధ్యలో ప్రకటనలొచ్చెస్తన్నాయి, దేవుడి ముందు సబ్బుల మాటలు. మన గుడికి నువ్వు సేసిపెట్టు. ఊరికే వొద్దు. మేళానికి ఇచ్చేది కమిటీ ఇస్తాది."

"మేళానికిచ్చేదా?" అంది అత్త. "నాకా?"

"మరెవలికి? సన్నాయి నీదే కదేటి?"

అత్తకి కొత్త పళ్ళు ఇంకా అలవాటు కాలేదేమో, దవడ కాస్త వణికింది.

కమిటీ ఇచ్చిన బయానాకి తన పొలం కౌలు డబ్బు కలిపింది. కొనే పేజీ తెరిచాను. ఈ సాఫ్ట్‌వేరు దేనికి వాడతారు అని మూడు గళ్ళున్నాయి. చదువుకి, అభిరుచికి, వృత్తికి. నన్ను నొక్కనివ్వలేదు. ఎక్కడ ఏముందో చదివించుకుని, మూడో గడి మీద తనే నొక్కింది. చేసే పని అని ఇంకో గడి ఉంది.

"ఏం రాయను అత్తా?"

"సన్నాయి అని రాయి."

ఇంగ్లీషు అక్షరాల్లో సన్నాయి అని కొట్టాను. కంపెనీవాళ్ళకి అది ఏ ఉద్యోగమో అర్థమైందో లేదో తెలీదు. డబ్బు కట్టగానే ఫైలు తెరుచుకుంది. తెర మీద వంపులన్నీ ఎక్కడివక్కడ తిరిగొచ్చాయి. అత్త చేత్తో తెరని ఒకసారి తడిమింది.

ఊరెళ్ళి మిగతాదంతా అక్కడే చేసింది. తోడి బాగా పెంచింది. దాని వెనక ఇంకో రెండు రాగాలు చేర్చింది. కార్తీకంలో ఒక సోమవారం మొదటిసారి గుడిలో పెడతామని కబురొస్తే ముందురోజే వెళ్ళాను.

తెల్లవారుతోంది. వరి కంకులు బరువెక్కి వంగి ఉన్నాయి. వాటి మీద మంచు. కొండల వైపు ఇంకా మసగ్గా ఉంది. అత్త, నేను గుడి మెట్ల దగ్గర నిలబడ్డాం. పూజారి గర్భగుడి తలుపు తీశాడు. ప్రెసిడెంటు మైకు దగ్గర మీట నొక్కాడు. షడ్జం గోపురం మీద నుంచి బయల్దేరింది. స్పాంజి గదిలో విన్న శబ్దమే, కానీ ఇక్కడ దానికి గోడలు లేవు. పొలాల మీదుగా పోయి కొండకి తగిలి మెల్లగా తిరిగొచ్చింది. తోడి గాంధారం ఊగడం మొదలుపెట్టగానే కల్లాపి చల్లుతున్న ఒకావిడ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సైకిలు మీద పాలక్యాన్లతో పోతున్నతను కాలు నేలకి ఆనించి ఆగాడు. నా రెండు చేతులూ నాకు తెలీకుండానే దగ్గరికొచ్చాయి. దండం ఎవరికి పెట్టానో నాకు తెలీదు. దేవుడికా, పక్కన కొంగు కప్పుకుని నిలబడ్డ మనిషికా. ఆవిడ మాత్రం గోపురం వంక చూడటం లేదు. కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి, వేళ్ళు కదుపుతోంది.

ఇంతలో వీధి మలుపులో నుంచి ఒక ముసలాయన వచ్చాడు. నాన్న పక్కన డోలు వాయించినాయన. నాన్న పోయాక డోలు ఎక్కడా ముట్టుకోలేదని విన్నాను. ఇప్పుడు దాన్ని పాత దుప్పటిలో చుట్టుకుని గుండెలకి హత్తుకుని వస్తున్నాడు. మండపం అరుగు మీద కూర్చుని, దుప్పటి విప్పి, కర్ర తీసి, మైకులో సన్నాయికి డోలు కలిపాడు. కాసేపు రెండూ కలిసి నడిచాయి. ఒకచోట ఆయన తన వంతుకి, సన్నాయి ఆగి డోలు ఒక్కటే పలకాల్సిన ముక్తాయింపు మొదలుపెట్టాడు. సన్నాయి ఆగలేదు, దాటుకుని పోయింది. ఆయన పరిగెత్తి అందుకున్నాడు. ఇంకోచోట మళ్ళీ అలాగే.

సేవ అయ్యాక కోపంగా అత్త దగ్గరికి వచ్చాడు.

"ఒలే, బాగానే ఉన్నాది గాని, నీ సన్నాయి డోలోడి కేసి సూడదేటి? నా వంతొచ్చినప్పుడు ఆగాల కదా?"

"నువ్వొస్తావని నాకేటి తెలుసు మావా?"

"ఇప్పుడు తెలిసినాది కదా."

ఆ మధ్యాహ్నం నేను విజయనగరం వెళ్ళి మైకు, తీగలు తీసుకొచ్చాను. అత్త ఇంటి ముందుగదిలో చాప మీద ఆయన్ని కూర్చోబెట్టాం. ఈసారి డోలు ముందు. ఆయన ఎక్కడ ఎంతసేపు కావాలంటే అంతసేపు వాయించాడు. నేను రికార్డు చేశాను. ఆ పక్కనే పీట మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, అత్త ఆ డోలు వింటూ దాని మీద సన్నాయి గీయడం మొదలుపెట్టింది. ఆయన ఇంటికి పోలేదు. కళ్ళజోడు తెప్పించుకుని తెర మీద వంగి కూర్చున్నాడు. అత్త గాంధారం గీతని ఊపుతూ, ఊపుతూ, డోలు దెబ్బ ఉన్న చోటి దాకా తీసుకొచ్చి నిలిపింది.

"ఇక్కడ నీ దెబ్బ" అంది.

"ఇంకాస్త ముందే ఆపు" అన్నాడాయన. "నాను కర్ర ఎత్తాల."

అత్త పెన్సిలు వెనక్కి తీసుకుని, గీతని దెబ్బకి కొంచెం ముందే నిలిపింది.